క్లిప్ష్ హెరెసీ 4 కి ఏ యాంప్ కలపాలి: వైజాగ్ హాల్లో వాడి చూసిన రివ్యూ

క్లిప్ష్ కంపెనీ హెరెసీ 4 స్పీకర్లు తీసుకున్నానని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ ఒకటే అడుగుతున్నారు, "ఎన్ని వాట్ల యాంప్ పెట్టావు అన్నా?" అని. ముందే చెప్పేస్తున్నాను, ఈ స్పీకర్లకి వాట్లు అనేవి ఆఖర్న చూసుకునే సంగతి. పాట ఏమీ పెట్టనప్పుడు యాంప్ ఎంత సైలెంట్‌గా ఉంటుంది అన్నది ముందు చూడాలి, తర్వాత దాని గెయిన్ ఎంత (వచ్చిన సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుంది), ట్యూబ్ యాంప్ (పాతకాలపు గాజు వాల్వ్‌లతో నడిచేది) అయితే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎంత (స్పీకర్‌కి కరెంటు ఇచ్చే చోట యాంప్ లోపలి అడ్డు). ఇవి కుదిరాయంటే 10 వాట్లు చాలు, కుదరకపోతే 150 వాట్లు ఉన్నా రాత్రిపూట ప్రశాంతంగా కూర్చుని వినలేరు. ఎంవీపీ కాలనీలో మా హాల్లో, ఇవే స్పీకర్లకి, రకరకాల యాంప్‌లు మార్చి మార్చి విన్నాక రాస్తున్నాను.

ముందు స్పీకర్ సంగతి. అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊరు, అక్కడ పాల్ క్లిప్ష్ అనే ఇంజినీరు 1946లో పెట్టిన కంపెనీ ఇది, హెరెసీ మొదటిసారి వచ్చింది 1957లో. కింది స్వరాలకి 12 అంగుళాల వూఫర్ ఒకటి, మధ్య స్వరాలకి ఒక హారన్, పై స్వరాలకి ఇంకో చిన్న హారన్, అంతే. ముందు తరాలన్నీ పూర్తిగా మూసేసిన పెట్టెలు, 4 కి వచ్చేసరికి వెనక పోర్ట్ (గాలి వెళ్ళే రంధ్రం) పెట్టారు, దాంతో 58 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే బేస్ ఇప్పుడు 48 దాకా దిగుతోంది. ఎత్తు రెండడుగుల పైచిలుకు, బరువు ఒక్కోటి 20 కిలోల దాకా ఉంటుంది, కూడా వచ్చే వాలు దిమ్మ మీద నేల మీదే పెట్టుకోవాలి, చెవి వైపు చూస్తున్నట్టు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. వాల్‌నట్ చెక్క పని చాలా శుభ్రంగా ఉంది, రెండు పెట్టెల మీదా చెక్క గీతలు ఒకదానికొకటి కలిసేలా ఏరి వేశారు, ఈ రేటుకి అది ఉండాల్సిందే అనుకోండి.

కంపెనీ చెప్పే సెన్సిటివిటీ 99 డిబి (డెసిబెల్స్). అంటే స్పీకర్‌కి 2.83 వోల్ట్‌లు ఇస్తే, 8 ఓమ్స్ లెక్కన అది 1 వాట్, ఒక మీటరు దూరంలో 99 డెసిబెల్స్ వస్తుందని. మామూలుగా ఇళ్ళల్లో వాడే బుక్‌షెల్ఫ్‌లు (చిన్న పెట్టె స్పీకర్లు) 85 నుంచి 88 మధ్య ఉంటాయి. 3 డిబి పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి, 10 డిబికి పదింతలు, ఆ లెక్కన 86 డిబి స్పీకర్ 20 వాట్లు తిని ఇచ్చే సౌండుని ఇది 1 వాట్‌తో ఇచ్చేస్తుంది. ఇక్కడ చిన్న మాట. 99 అనేది గది ఇచ్చే సాయాన్ని కూడా కలుపుకున్న అంకె, ప్రతిధ్వని లేని గదిలో కొలిస్తే కొన్ని డిబిలు తక్కువే వస్తుంది, అందుకని నా లెక్కలన్నిటికీ నేను 96 పట్టుకుంటాను. అలా తగ్గించి చూసినా ఇది మామూలు స్పీకర్ కాదు.

హారన్ మహిమ ఏంటో మన ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, పెళ్ళి పందిట్లో బ్యాటరీ మీద నడిచే మైక్ సెట్టు వాడు వెదురుగడకి రెండు హారన్లు కట్టేస్తే పక్క ఊరి వాళ్ళకి కూడా ముహూర్తం తెలిసిపోయేది. ఇంట్లో పెట్టుకునే హారన్ పనిచేసే తీరు కూడా అదే, నాణ్యత వేరు అంతే. చిన్న డయాఫ్రమ్ (సౌండ్ పుట్టించే పల్చటి పొర) ఒంటరిగా ఊగితే దాని శక్తిలో గాల్లోకి వెళ్ళేది చాలా తక్కువ, దానికి గాలి మీద పట్టు దొరకదు. సన్నగా మొదలై క్రమంగా వెడల్పయ్యే గొట్టం ముందు పెడితే ఆ పట్టు దొరుకుతుంది, కొంచెం కదిలితే చాలు బోలెడంత సౌండ్ వస్తుంది, కదలిక తక్కువ కాబట్టి డిస్టార్షన్ కూడా తక్కువ. 1930లలో సినిమా హాళ్ళకి ఇవి తప్ప వేరే దారి లేదు ఎందుకంటే అప్పటి వాల్వ్ యాంప్‌లు ఇచ్చేదే కొద్దిపాటి వాట్లు, వాటితోనే హాలంతా నింపాలి. తర్వాత 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు, చిన్న మూసిన పెట్టెలోంచి లోతైన బేస్, కానీ వాట్లు బాగా తింటుంది, ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకైపోయాయి, ఇక అందరూ చిన్న పెట్టెలూ పెద్ద యాంప్‌లూ దారి పట్టారు. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ ఎఫిషియెన్సీ (తక్కువ వాట్లతో ఎక్కువ సౌండ్), ఈ మూడిట్లో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాల్సిందే, దీన్నే హాఫ్‌మన్ సూత్రం అంటారు. హెరెసీ వాళ్ళు పెట్టె కొంచెం చిన్నగా ఉంచి ఎఫిషియెన్సీ పట్టుకుని బేస్ వదిలారు. ఆ లోటు సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు లెక్క. మా హాలు సుమారు 13 అడుగులు 16 అడుగులు, స్పీకర్లకీ సోఫాకీ మధ్య మూడు మీటర్లు. మీటరు దగ్గర 96 ఉన్నది మూడు మీటర్లకి దాదాపు 9 డిబి తగ్గుతుంది, రెండు స్పీకర్లు ఉన్నాయి కాబట్టి కొంత, గోడల వల్ల కొంత తిరిగి వస్తుంది, మొత్తానికి 1 వాట్‌కి సోఫాలో 92 చిల్లర. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగా కాస్త గట్టిగానే వినే సౌండ్ సగటున 75 డిబి. అంటే 17 డిబి కింద, అంటే ఒక వాట్‌లో యాభయ్యో వంతు, 20 మిల్లీవాట్లు! వోల్ట్‌లలో 0.4. మృదంగం మీద గట్టి చాపు పడినప్పుడో డోలు దెబ్బ పడినప్పుడో సగటు మీద 20 డిబి పైకి పోయిందనుకోండి, 95 డిబి, అప్పుడు కూడా 2 వాట్లు. షాపుల్లో 100 వాట్లు 150 వాట్లు అని చెప్తుంటే ఈ 20 మిల్లీవాట్లు గుర్తు పెట్టుకోండి, మీరు వినే పాటలో ఎక్కువ భాగం నడిచేది అక్కడే. ఆ మొదటి వాట్‌లో యాంప్ ఎంత శుభ్రంగా ఉంది అన్నదే మొత్తం కథ. క్లాస్ ఏబీ, అంటే మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌లో బయాస్ (పాట లేనప్పుడు కూడా లోపల నడిచే కొద్దిపాటి కరెంటు) సరిగ్గా పెట్టకపోతే క్రాస్ఓవర్ డిస్టార్షన్ (సిగ్నల్ ప్లస్ నుంచి మైనస్‌కి మారే చోట వచ్చే వంకర) కనబడేది కూడా సరిగ్గా ఈ చిన్న సిగ్నల్ దగ్గరే, 86 డిబి స్పీకర్లో అది కప్పడిపోతుంది, వీటిలో కప్పడదు.

మొదట కలిపింది ఇంట్లో ఉన్న ఏవీ రిసీవర్ (హోమ్ థియేటర్ యాంప్), పేరున్న కంపెనీదే, పేరు ఇక్కడ అనవసరం, ఏడు ఛానెళ్ళది, పెట్టె మీద 100 వాట్లు అని ఉంటుంది. పాత బుక్‌షెల్ఫ్‌లతో ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ పెట్టలేదు. హెరెసీ కలిపి ఆన్ చేసి, ఇంకా ఏ పాటా పెట్టకుండానే, మధ్య హారన్లోంచి "స్‌స్‌స్" అని వచ్చింది. వాల్యూమ్ సున్నా చేసినా అంతే, పెంచినా అంతే. పగలు రోడ్డు మీద ఆటోల గోలలో తెలీదు గానీ రాత్రి పదకొండు దాటాక ఫ్యాన్ ఆపేస్తే సోఫాలోకి స్పష్టంగా వినబడుతుంది. వాల్యూమ్‌తో మారని హిస్ అంటే అది పవర్ స్టేజ్ సొంత శబ్దం, కేబుళ్ళు మార్చినా ఎన్ని వేలు పోసినా పోదు.

ఎందుకు ఇప్పుడే వినబడుతోంది అంటే, యాంప్ అవుట్‌పుట్‌లో అర మిల్లీవోల్ట్ నాయిస్ ఉందనుకుందాం, రిసీవర్లలో అది వింతేం కాదు. 2.83 వోల్ట్‌లతో పోలిస్తే అది 75 డిబి కింద ఉన్నట్టు. 86 డిబి స్పీకర్లో మీటరు దగ్గర అది 11 డిబి, ఎవరికీ వినపడదు. 96 లో 21 డిబి, పైగా హిస్ అంతా మన చెవికి బాగా పదునైన చోట ఉంటుంది, హారన్ దాన్ని తిన్నగా మీ మొహం మీదకే పంపిస్తుంది. స్పీకర్ ఎఫిషియెన్సీ పాటని పెంచినట్టే నాయిస్‌ని కూడా పెంచుతుంది, దానికి పక్షపాతం లేదు. ఊళ్ళో ఒక షోరూమ్‌లో ఇదే అడిగితే అక్కడి అబ్బాయి "సార్ బ్రేక్ ఇన్ అయితే పోతుంది" అన్నాడు, కొన్నాళ్ళు వాడితే అదే సర్దుకుంటుందని. పోదు. దయచేసి ఆ మాట నమ్మి డబ్బులు కట్టకండి.

రిసీవర్ తీసేసి క్లాస్ డి (స్విచింగ్ పద్ధతిలో నడిచే) డబ్బా ఒకటి పెట్టాను, టీపీఏ 3255 చిప్ ఉన్న అరచేతి మీద పట్టే యాంప్, ఆన్‌లైన్‌లో ఈ చిప్ పెట్టి అరడజను కంపెనీలు అమ్ముతున్నాయి, రిసీవర్ రేటులో పావు వంతు కూడా లేదు. ఆన్ చేశాక అసలు ఆన్ అయ్యిందా లేదా అని దగ్గరకి వెళ్ళి చూడాల్సి వచ్చింది. హారన్‌కి చెవి ఆనించి వింటే గానీ ఏమీ వినబడట్లేదు. నాయిస్ పదో వంతుకి తగ్గిందంటే 20 డిబి తగ్గినట్టు, అంతే తేడా ఇక్కడ కనిపిస్తుంది. వీణలో ఒక మీటుకీ ఇంకో మీటుకీ మధ్య తీగ మోగుతూ మోగుతూ చల్లారిపోయే చోటు ఉంటుంది చూడండి, రిసీవర్‌తో ఆ చివరి సగం హిస్‌లో కలిసిపోయేది, దీంతో తీగ ఎక్కడ ఆగిందో తెలుస్తోంది.

కానీ దీనికి ఇంకో తలనొప్పి ఉంది, గెయిన్. మన డ్యాక్ (డిజిటల్ పాటని యాంప్‌కి వెళ్ళే సిగ్నల్‌గా మార్చే పెట్టె) 2 వోల్ట్‌లు ఇస్తుంది. మామూలు యాంప్ దాన్ని 20 రెట్లు చేస్తుంది, అంటే 26 డిబి గెయిన్, 40 వోల్ట్‌లు, 8 ఓమ్స్‌లో 200 వాట్ల లెక్క. మనకి కావాల్సింది 0.4 వోల్ట్. మిగతాదంతా వాల్యూమ్ నాబ్ చంపాలి. అందుకే నాబ్ గడియారంలో ఏడు గంటల నుంచి ఎనిమిది దాకా తిప్పేలోపే సౌండ్ ఇల్లంతా నిండిపోతుంది, తొమ్మిది దాటించే పనే లేదు. ఇంకా చికాకేంటంటే చవక పొటెన్షియోమీటర్లలో (వాల్యూమ్ నాబ్ వెనకుండే భాగం) ఆ మొదటి కొసలో ఎడమా కుడీ సమానంగా ఉండవు, రాత్రి తక్కువ సౌండ్‌లో వింటే పాడే మనిషి మధ్యలోంచి జరిగి ఎడమ స్పీకర్ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. దీనికి మందు చాలా చవక, ఆర్‌సీఏ జాక్‌కి తొడిగే 10 డిబి అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ని తగ్గించేవి) జత ఒకటి డ్యాక్‌కీ యాంప్‌కీ మధ్యలో పెట్టాను, నాబ్ పదిన్నర పదకొండు గంటల దాకా వెళ్తోంది, మనిషి మధ్యలోకి వచ్చేశాడు. అటెన్యుయేటర్ కొనబుద్ధి కాకపోతే డ్యాక్‌లో డిజిటల్ వాల్యూమ్ 12 డిబి తగ్గించి వదిలేసినా పర్లేదు, 24 బిట్ డ్యాక్‌కి అదేం నష్టం కాదు. అసలు ఈ స్పీకర్‌కి 14 డిబి గెయిన్ ఉన్న యాంప్ దొరికితే అదే కరెక్ట్ మ్యాచ్, 2 వోల్ట్‌లు ఐదింతలై 10 వోల్ట్‌లు, 12 వాట్లు, ఇంకేం కావాలి. యాంప్ కొనేముందు స్పెసిఫికేషన్‌లో వాట్లు కాకుండా గెయిన్ ఎంత అని వెతకండి, చాలామంది అటు చూడనే చూడరు.

క్లాస్ డి సౌండ్ ఎలా ఉందంటే శుభ్రంగా, గట్టిగా, బేస్ మీద పట్టుగా ఉంది. ఈ చిప్ యాంప్‌లలో కొన్నిటికి అవుట్‌పుట్ ఫిల్టర్ తర్వాత ఫీడ్‌బ్యాక్ (బయటికి వెళ్ళే సిగ్నల్‌ని వెనక్కి తెచ్చి పోల్చి తప్పులు దిద్దుకునే ఏర్పాటు) ఉండదు, అలాంటి వాటిలో స్పీకర్ ఇంపిడెన్స్‌ని బట్టి పై స్వరాలు కొంచెం లేస్తాయి లేదా పడతాయి, ముందే పదునుగా ఉండే హారన్‌కి అది ఇంకొంచెం పదును అద్దితే తాళం శబ్దం గుచ్చుకుంటుంది. పోస్ట్ ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్ ఉన్న మోడల్ చూసి తీసుకుంటే ఆ గొడవ ఉండదు. డబ్బు తక్కువలో తేల్చాలి అంటే నేను కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను.

ఇక మనసు పడ్డది దేని మీద అంటే ట్యూబ్ యాంప్ మీద. మా పెదనాన్నగారు డాక్‌యార్డ్‌లో ఎలక్ట్రానిక్స్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు, గాజువాకలో ఉంటారు, ఆయన చేత్తో కట్టిన ఈఎల్84 వాల్వ్‌ల పుష్‌పుల్ (వాల్వ్‌లు జతగా పనిచేసే) యాంప్ ఉంది, ఒక్కో ఛానెల్‌కి ఓ పన్నెండు వాట్లు. వాల్వ్‌లు బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వి, రేడియోల కాలంలో మన దేశంలోనే తయారైనవి, ఆయన దాచుకున్న స్టాక్. తీసుకొచ్చి పెట్టగానే నేను పాట పెట్టబోతుంటే "ఆగరా నాన్నా, ముందు ఏమీ పెట్టకుండా విను, ఏటి వినిపిస్తందో చెప్పు" అన్నారు. చాలా సన్నగా గుయ్యిమనే హమ్ తప్ప ఏమీ లేదు, అది కూడా వూఫర్ దగ్గర వంగితేనే. మీటర్ పెట్టి చూపించారు, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మిల్లీవోల్ట్ లోపే. 50, 100 హెర్ట్జ్ దగ్గర మన చెవి మొద్దుగా ఉంటుంది కాబట్టి అంత హమ్ సోఫా దాకా రాదు, అదే మిల్లీవోల్ట్ హిస్ అయితే భరించలేం.

పాట పెట్టాక ఏం జరిగిందో రాయాలి. ఘంటసాల గొంతు, పాత మోనో రికార్డింగ్. రిసీవర్‌లో ఆ గొంతు రికార్డులా వినిపించేది. ఇందులో గొంతుకి ఒక ఛాతీ ఉంది, పదం మొదలయ్యే ముందు తీసుకునే ఊపిరి, పదం చివర పెదవులు మూసుకోవడం, అన్నీ రెండు స్పీకర్ల మధ్య ఒకే చోటు నుంచి వస్తున్నాయి. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ పాత ట్రాన్స్‌ఫర్ ఒకటి పెట్టాం, గరగర ఎలాగూ ఉంటుంది, కానీ కమాను తీగ మీద పట్టుకుని జారే ఆ రాపిడి హారన్లోంచి వచ్చినంత సహజంగా నేను ఇంకే స్పీకర్లోనూ వినలేదు. కళాభారతి ఆడిటోరియంలో ముందు వరసలో కూర్చుని మృదంగం విన్నవాళ్ళకి తెలుసు, గట్టి దెబ్బ పడ్డప్పుడు సౌండ్ పెరగడం కాదు, ఒక్కసారి మన ఒంటికి తగులుతుంది. ఎఫిషియెన్సీ ఎక్కువున్న స్పీకర్ ఇచ్చే అసలు సుఖం అదే, 12 వాట్ల యాంప్ కూడా ఆ దెబ్బకి నీరసించదు, ఎందుకంటే దాని కెపాసిటీలో ఆరో వంతే అడుగుతున్నాం. ఇదే యాంప్ నా పాత బుక్‌షెల్ఫ్‌లకి కలిపితే కాస్త పెంచగానే దెబ్బలు మెత్తబడిపోయాయి.

ట్యూబ్ యాంప్ పెట్టుకునేవాళ్ళు ఇంట్లో కరెంటు వోల్టేజ్ ఒకసారి కొలుచుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి 245 చూపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ 230 కి చుట్టింది అయితే హీటర్‌కి వెళ్ళే 6.3 వోల్ట్‌లు 6.7 అవుతుంది, హద్దులోనే ఉంది గానీ అంచుకి దగ్గర, ఏళ్ళ తరబడి అలా నడిస్తే వాల్వ్‌ల ఆయుష్షు తగ్గుతుంది. పెదనాన్నగారు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (కరెంటు వచ్చే వైపు) 240 ట్యాప్‌కి మార్చేశారు. ఈ పనులు తెలిసినవాళ్ళే చెయ్యాలి, లోపల 300 వోల్ట్‌లకి పైగా ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటుంది. ఇంకోటి, స్పీకర్ వైర్ కలపకుండా ట్యూబ్ యాంప్ ఎప్పుడూ ఆన్ చేసి పాట పెట్టొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

300బి ట్యూబ్ గురించి అడగబోతున్నారు కదా, హారన్ స్పీకర్ అనగానే అందరూ ఆ పేరే తీస్తారు. సీతమ్మధారలో ఒక మిత్రుడి దగ్గర సింగిల్ ఎండెడ్ (జత లేకుండా ట్యూబ్ ఒంటరిగా పనిచేసే) 300బి యాంప్ ఉంది, 8 వాట్లు, ఫీడ్‌బ్యాక్ లేనిది. పవర్ చాలు, అందులో అనుమానం లేదు. ఆడవాళ్ళ గొంతు, వేణువు, వయొలిన్ వింటే వదలబుద్ధి కాదు. కానీ బేస్ వదులుగా ఊగుతోంది, ఒక చోట స్వరం ముందుకొస్తే ఇంకో చోట వెనక్కి పోతోంది. కారణం అవుట్‌పుట్ ఇంపిడెన్స్. అలాంటి యాంప్‌లకి అది 2.5 ఓమ్స్ దాకా ఉండొచ్చు. స్పీకర్ పేరుకి 8 ఓమ్స్ గానీ ఏ స్పీకర్ ఇంపిడెన్స్ అయినా ఫ్రీక్వెన్సీని బట్టి కొండలూ లోయలే, ఒక చోట 5 ఓమ్స్, ఇంకో చోట 25 అనుకోండి. 5 దగ్గర 3.5 డిబి పోతుంది, 25 దగ్గర ఒక డిబి కూడా పోదు, మధ్యలో తేడా 2.7 డిబి, అంటే యాంప్ ఈక్వలైజర్‌లా పని చేస్తోంది. ట్రాన్సిస్టర్ యాంప్‌లో ఈ తేడా అసలు తెలీదు, ఫీడ్‌బ్యాక్ ఉన్న ఈఎల్84 లో ఒక డిబి చిల్లర. 300బి ని 8 ఓమ్స్ ట్యాప్ (స్పీకర్ వైరు కలిపే చోటు) నుంచి 4 ఓమ్స్ ట్యాప్‌కి మార్చాం, ఇంపిడెన్స్ సగమైంది, బేస్ బాగా బిగిసింది, పవర్ కొంచెం తగ్గినా ఈ స్పీకర్‌కి లెక్కలోది కాదు. ట్యూబ్ యాంప్ ఉన్న ప్రతి ఒక్కరూ పైసా ఖర్చు లేని ఈ పని చేసి చూడాలి, పెట్టె మీద 8 అని రాసుందని 8 లోనే పెట్టాలని రూలేం లేదు. ఇంత చేశాక కూడా, ఆ ట్యూబుల రేటు చూస్తే, నేనైతే ఈఎల్84 దగ్గరే ఆగుతాను.

క్లాస్ ఏ ట్రాన్సిస్టర్ యాంప్‌లు, నెల్సన్ పాస్ అనే డిజైనర్ ఫస్ట్ వాట్ పేరుతో చేసే 10, 25 వాట్ల యాంప్‌లలాంటివి, సరిగ్గా ఇలాంటి స్పీకర్ల కోసమే పుట్టాయి. నేను ఇంట్లో పెట్టి వినలేదు కాబట్టి తీర్పు చెప్పను, కానీ పాట ఉన్నా లేకపోయినా గదిలోకి వేడి వదులుతూనే ఉంటాయి, మే నెల వైజాగ్ ఉక్కపోతలో ఏసీ లేకుండా వాటితో ఉండటం కష్టం.

మన ఊరికి సంబంధించిన కొన్ని మాటలు. మన ఫ్లాట్లన్నీ విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు, గాజు కిటికీలు. అలాంటి గదిలో హారన్ పెట్టి "అబ్బా చెవులు గుచ్చుకుంటున్నాయి" అని స్పీకర్‌ని తిట్టడం అన్యాయం. సోఫాకీ స్పీకర్లకీ మధ్య నేల మీద మందపాటి జంపకానా ఒకటి పరిచి, వెనక కిటికీకి బరువైన కర్టెన్ వేశాక సగం గుచ్చుడు పోయింది, యాంప్ మారిస్తే వచ్చే తేడాకన్నా ఇదే ఎక్కువ. పోర్ట్ వెనక ఉంది కాబట్టి గోడకి ఒక అడుగు వదలండి, మరీ ముందుకి లాగితే ఉన్న బేస్ కూడా పలచబడుతుంది.

ఉప్పుగాలి సంగతి లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్ళకి నేను చెప్పాలా, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎంత తొందరగా తుప్పు పడుతుందో చూస్తూనే ఉంటారు. స్పీకర్ టెర్మినల్ కింద వట్టి రాగి వైరు చుట్టి వదిలేస్తే కొన్నాళ్ళకి పచ్చగా పేరుకుంటుంది. మంచి బనానా ప్లగ్‌లు వేసుకుని, అప్పుడప్పుడు పీకి కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి, ట్యూబ్ పిన్నులు కూడా అంతే. మురికి పట్టి స్పీకర్లో గరగర వస్తే చాలామంది ట్యూబ్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు, తొంభై శాతం సాకెట్ మురికే.

ఎర్తింగ్ కూడా చూసుకోవాలి. సెట్‌టాప్ బాక్స్ కేబుల్ కలిపితే హమ్ వచ్చి, పీకితే పోతే అది గ్రౌండ్ లూప్ (పెట్టెల ఎర్త్‌లు రెండు దారుల్లో కలవడం), యాంప్ తప్పు కాదు. కొందరు ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయమని సలహా ఇస్తారు, అది ప్రాణం మీదకి తెచ్చే పని, చెయ్యకండి. టీవీ నుంచి డ్యాక్‌కి ఆప్టికల్ కేబుల్ వేసుకుంటే ఆ దారి తెగిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించండి, ఒకటి రెండు వోల్ట్‌లు దాటితే సరిచేయించండి.

స్పీకర్లో నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. 48 హెర్ట్జ్ కింద ఏమీ లేదు, కొత్త సినిమా పాటల్లో కింద నుంచి కడుపు కదిలించే బేస్ కావాలంటే సబ్‌వూఫర్ తప్పదు, 60 హెర్ట్జ్ దగ్గర కలిపితే అతుకు తెలీదు. అయితే ఈ స్పీకర్ వేగానికి సరిపడే సబ్ ఉండాలి, చవక సబ్ పెడితే అది ఒక అడుగు వెనక నడుస్తుంది. తలుపు పక్కన నిలబడి వింటే బాగుండదు, హారన్లు మీ వైపు తిప్పి సోఫాలో కూర్చోవాల్సిందే. అన్నిటికన్నా, బాగా నొక్కేసి (చిన్న సౌండ్‌నీ పెద్ద సౌండ్‌నీ ఒకే మట్టానికి తెచ్చి) గట్టిగా మాస్టర్ చేసిన రికార్డింగ్‌లని ఇది అస్సలు క్షమించదు, ఏ యాంప్ పెట్టినా సరే. మీ ప్లేలిస్ట్ అంతా అవే అయితే ఇంత డబ్బు పెట్టడం దండగ, పై స్వరాలకి హారన్ బదులు మెత్తటి డోమ్ ట్వీటర్ ఉన్న స్పీకర్ ఏదైనా తీసుకోండి, సుఖంగా ఉంటారు.

కర్ణాటక సంగీతం, పాత పాటలు, గజల్, జాజ్, లైవ్ రికార్డింగ్‌లు వినేవాళ్ళు మాత్రం డబ్బు ఎక్కడైనా సర్దుకోగలిగితే తీసుకోండి. బడ్జెట్ మొత్తం స్పీకర్ మీద పెట్టి యాంప్‌కి తక్కువ మిగిలినా భయం లేదు, ఈ స్పీకర్‌లో ఉన్న గొప్ప వెసులుబాటే అది, పోస్ట్ ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్ ఉన్న చిన్న క్లాస్ డి, ఒక జత అటెన్యుయేటర్లు, జంపకానా, వీటితోనే నూటికి ఎనభై పాళ్ళు వచ్చేస్తుంది. ట్యూబ్ యాంప్ తర్వాత మెల్లగా చూసుకోవచ్చు, పుష్‌పుల్, ఫీడ్‌బ్యాక్ ఉన్నది, పది పదిహేను వాట్లది, 4 ఓమ్స్ ట్యాప్ ఉన్నది. షాపుకి వెళ్తే డెమో పాట మొదలెట్టకముందే ఏసీ ఆపమని అడిగి, మధ్య హారన్‌కి అడుగు దూరంలో చెవి పెట్టి వినండి, మీటరు అవతలికి జరిగాక కూడా హిస్ వినబడుతుంటే ఆ యాంప్ ఎంత పెద్ద పేరున్నదైనా ఈ స్పీకర్‌కి వద్దు. మా ఇంట్లో ఇప్పుడు టీవీకీ పగటి పాటలకీ క్లాస్ డి, రాత్రి ఎనిమిది తర్వాత పెదనాన్నగారి ఈఎల్84. సబ్‌వూఫర్ ఇంకా తీసుకోలేదు, తీసుకున్నాక దాని గురించి విడిగా రాస్తాను.